ఎవరు పెట్టారో రాయని లెక్క

మా అక్క పోయింది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున, మా పాప డబ్బాలో చిత్రాన్నం సర్దుతుంటే ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "వదిన ఇంక లేదు" అన్నాడు. నేను డబ్బాకు మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాను. అప్పుడు నాకు తట్టిన మొదటి ఆలోచన చెబితే మీరు విచిత్రంగా చూస్తారేమో. ఈ పూట పాల లెక్క ఎవరు ఎక్కిస్తారు అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

తోడికోడళ్ళ గురించి లోకంలో మంచి మాట తక్కువ. టీవీ సీరియళ్ళు సగం మా మీదే బతుకుతున్నాయి. నేను బెజవాడ నుంచి కన్నడ సీమలోని యలహంక పాతూరికి కోడలిగా వచ్చినప్పుడు, కింద వాటాలో బావగారూ ఆమే, పై వాటాలో మేమూ, వంట మాత్రం కిందే, అందరికీ కలిపే అని విని గుండెల్లో రాయి పడ్డ మాట నిజం. దానికి తోడు వాళ్ళ తెలుగు. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. గడపలో అడుగు పెట్టగానే ఆమె "రాప్పా, కుచ్చో" అంటే, నా వెనక మగవాళ్ళెవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాను. ఆ సంగతి చెప్పుకుని ఆమె ఏళ్ళ తరబడి నవ్వింది. నేను ఎన్నిసార్లు బతిమాలినా ఆ "అప్పా" మాత్రం మానలేదు.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. బావగారికి పీణ్యలో చిన్న లేత్ షెడ్డు ఉంది. పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళు ఇచ్చే పనులు చేసిస్తారు. ఆ వచ్చే డబ్బు ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. మా ఆయనా నేనూ నెల జీతగాళ్ళం, నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఒకరు చేసిన పనిలో తప్పులు వెతికే ఉద్యోగం. అక్క ఇంట్లో కూర్చుని పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టేది. యలహంకలో పెళ్ళి కుదిరిందంటే ఆ చీర ఒకసారి ఆమె ఒడిలోకి రావాల్సిందే. ఆమెకు పిల్లలు లేరు. మా పాప ఆ చీరల పక్కనే పాకి, ఆ దారాలు నోట్లో పెట్టుకుని పెరిగింది.

నేను చెప్పబోయే మా ఇంటి లెక్కల షీట్ ఒక తగాదాలోంచి పుట్టింది. ఒక ఎండాకాలం మా సంపు మోటారు కాలిపోయింది. బావగారు సాయంత్రం పీణ్య నుంచి కొత్త మోటారుకు డబ్బు జేబులో పెట్టుకుని వచ్చేసరికి, మా ఆయన మధ్యాహ్నమే మెకానిక్‌ని పిలిపించి కొత్తది బిగించేసి, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు కట్టేశాడు. తమ్ముడు చేసింది మంచి పనే. కానీ బావగారు చొక్కా కూడా మార్చకుండా మోటారు చుట్టూ ఒకసారి తిరిగి, "నన్ను ఒక మాట అడగల్ల కదా" అని లోపలికి వెళ్ళి పడుకున్నారు. ఆ పూట అన్నం తినలేదు. దానితో మా ఆయనకూ పౌరుషం వచ్చింది. కొన్నాళ్ళు అన్నదమ్ముల మాటలన్నీ మా ఇద్దరి నోటి ద్వారానే నడిచాయి. పోస్టు మోసి మోసి మా ఇద్దరికీ విసుగొచ్చింది.

నాకు ఇది చాలా తేలిక సమస్యగా తోచింది. ఆదివారం లాప్‌టాప్ ముందేసుకుని ఒక ఆన్‌లైన్ షీట్ తయారు చేశాను. అందరి ఫోన్లలోనూ తెరుచుకునేది, ఎవరు ఎక్కించినా అందరికీ కనిపించేది. తేదీ, వస్తువు, ఖర్చు, ఎవరు చెల్లించారు. బావగారి వైపు నీలం, మా వైపు పసుపు. నెలాఖరుకు అదే కూడి, భాగించి, ఎవరు ఎవరికి ఇవ్వాలో కింద చూపిస్తుంది. నా ఆఫీసులో అయితే ఇంత చక్కటి పనికి చప్పట్లు పడేవి. తీసుకెళ్ళి అక్కకు చూపించాను.

ఆమె ఒడిలో దిండు, దిండు మీద మామిడిపండు రంగు చీర కొంగు. దారం పంటి కింద పట్టుకుని తెర వైపు చూసింది. అంతా విని, చివరి కాలమ్ మీద వేలు పెట్టి అది దేనికని అడిగింది. ఎవరు పెట్టారో తెలియడానికని చెప్పాను. తెలిసి ఏం చేస్తామంది. నెలాఖరుకు సరి చేసుకోవచ్చన్నాను. ఆమె దారం నోట్లోంచి తీసింది.

"సరి చేసుకునేదానికి మనమేమన్నా పీజీలో ఉండామా? ఎవురు పెట్టినారని రాస్తే అది ఇల్లు కాదప్పా, ఓటలు. దాన్ని తీసెయ్."

ఆ కాలమ్ లేకపోతే ఆ షీట్‌కు అర్థమే లేదని వాదించాను. నేను కూడా తేలిగ్గా ఊరుకునే రకం కాదు. ఆమె మళ్ళీ కుచ్చు అందుకుని, తల ఎత్తకుండానే, "గడి ఖాళీగా ఉంటే నీకు ఊపిరాడదంటే ఇంకోటి పెట్టు. ఎందుకు పెట్టినామో అది రాయి" అంది. అలా మా ఇంటి షీట్‌లో "ఎవరు" పోయి "ఎందుకు" వచ్చింది. రంగులు కూడా తీసేయించింది.

ఇదంతా చదివి ఆమెను డబ్బు విలువ తెలియని మెతక మనిషి అనుకుంటారేమో. కాదు. నెల మొదట్లో ఎవరికి వీలైనంత వాళ్ళు ఇంటి ఖాతాలో వేసేవాళ్ళం. ఆ ఖాతా ఆమె పేరు మీద ఉండేది, ఎవరు ఎంత వేశారో ఆమె నోటి వెంట ఒక్కనాడూ రాలేదు. కానీ ఖర్చు దగ్గర మాత్రం గద్దలా చూసేది. పాప ఎప్పుడో మానేసిన ఏదో లెక్కల యాప్ నెల నెలా నా కార్డు నుంచి డబ్బు లాక్కుంటున్న సంగతి కనిపెట్టింది ఆమే. టెస్టింగ్ చేసేదాన్ని, నాకు కనబడలేదు. కార్డు బిల్లు చూసి నేను గుడ్డిగా ఎక్కించిన వరసలో "ఎందుకు" గడి ఖాళీగా ఉండటం చూసి నన్ను కిందికి పిలిచింది. ఎందుకో రాయలేకపోతే అది ఖర్చు కాదు, చిల్లు అనేది. రాయగలిగితే మాత్రం ఎంతైనా వెనకాడేది కాదు. ఇంటి పన్నుకూ, పాప ఫీజుకూ నెల నెలా కొంచెం విడిగా పెట్టించడం కూడా ఆమె నేర్పిందే. జీతం పడ్డ వారానికే ఎక్కడికి పోయిందా అని వెతుక్కునే మా జంటకు, ఏడాది మొత్తాన్ని ముందు పరుచుకుని చూడటం అప్పుడే అలవాటైంది.

చేతులెప్పుడూ దారంలో ఉండేవి కనక ఫోన్‌ను దిండు పక్కన ఆనించి, మైకు నొక్కి, దానితో మాట్లాడేది. అది రాసిపెట్టేది. అందుకని ఆమె "ఎందుకు"లన్నీ మాట్లాడినట్టే ఉంటాయి. బెండకాయలకు ఎదురుగా పాప అడిగిందని. ఆటోకు ఎదురుగా వాన, మోకాళ్ళు రెండూ ఒకేసారి నొచ్చినాయని. పూలకు ఎదురుగా అమ్మే ముసలామె ఈ పొద్దు ఒక్క మూరా అమ్మలేదని. కాఫీ పొడికి మాత్రం ప్రతిసారీ ఒకటే రాసేది: కాఫీ పొడికి కారణం అడిగేవాళ్ళు మనుషులే కాదు.

నెల మారిన మొదటి ఆదివారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఆ నెల షీట్ చదివేది. అంకెలు చదవదు. వస్తువు, ఎందుకు, అంతే. చివర్లో మొత్తం ఒక్కటి చెప్పి, ఎక్కువైందో తక్కువైందో తేల్చేది. మేము నవ్వుతూ తినేవాళ్ళం. బావగారు ఆ షీట్‌ను జన్మలో తెరవలేదు. ఖర్చు పెట్టి వచ్చి ఆమెకు చెప్పేవారు, ఆమె ఎక్కించేది. కానీ ఆ చదువు వినడానికి మాత్రం అందరికంటే ముందు పీట వేసుకునేవారు. ఇంటి ఖర్చు వింటూ నవ్వే ఇల్లు ఇంకోటి నేను చూడలేదు.

షీట్‌తో నాకు ఇంకో సుఖం ఉండేది. ఎవరైనా దాన్ని తెరిస్తే పైన మూలన వాళ్ళ బొమ్మ చిన్న గుండ్రంలో కనబడుతుంది, వాళ్ళున్న గడి చుట్టూ రంగు గీత పడుతుంది. అక్క తన బొమ్మగా సంపెంగ పువ్వు పెట్టుకుంది. హెబ్బాళ దగ్గర మా ఆఫీసులో, మీటింగుల మధ్య షీట్ తెరిచి ఉంచుకునేదాన్ని. పదకొండు దాటాక పువ్వు వచ్చేది. అంటే కూరగాయల బండి వచ్చి వెళ్ళిందన్నమాట. సాయంత్రం మళ్ళీ వచ్చేది. అంటే పాప బడి నుంచి వచ్చి ఏదో తిన్నదన్నమాట. ఒక్కోసారి నేను ఖాళీ గడిలో "నువ్వు తిన్నావా" అని రాసేదాన్ని. కాసేపటికి ఆ మాట చెరిగిపోయి, "తింటి, నువ్వు పని చూసుకో" అని వచ్చేది. అమ్మ పోయాక నన్ను తిన్నావా అని అడిగే మనిషి దొరకడమే గొప్ప అనుకునేదాన్ని. ఇక్కడ నేను అడిగితే జవాబు చెప్పే మనిషి కూడా దొరికింది.

కరోనా వచ్చిన ఏడాది పీణ్యలో షెడ్లన్నీ మూతపడ్డాయి. బావగారి లేత్ నెలల తరబడి తిరగలేదు. ఆయన వైపు నుంచి ఇంటి ఖాతాలోకి ఏమీ వచ్చి ఉండదని ఇప్పుడు ఊహించగలను గాని, అప్పుడు షీట్ చూసి చెప్పడానికి ఏమీ లేదు. పైగా అక్క షెడ్డు బాడుగ కూడా ఇంటి ఖాతాలోంచే కట్టింది. ఎందుకు అన్న చోట, షెడ్డు పోతే ఈయన యాడికి పోతాడు అని రాసి, ఆదివారం అందరి ముందూ అలాగే చదివింది. బావగారు కూడా నవ్వారు. తర్వాత గిన్నెలు సర్దుతున్నప్పుడు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "చూసినావా, నువ్వు పెట్టిన ఆ కాలమ్ ఉండింటే ఈయన ఈ యేడంతా అన్నం తినేవాడు కాదు" అంది. అప్పటికి గాని నాకు ఆమె తీయించిందేమిటో పూర్తిగా అర్థం కాలేదు.

ఆమె కాళ్ళకు వాపులు మొదలైనప్పుడు ఎండల వల్ల అనుకున్నాం. కిడ్నీలు రెండూ పాడైపోయాయని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. వారంలో మూడుసార్లు డయాలసిస్ అన్నారు. కిడ్నీ మార్పిడిని ఆమె గుండె తట్టుకోదన్నారు. ఆసుపత్రి ఖర్చులు ఇంటి షీట్‌లో వద్దు, విడిగా చూసుకుందామని మా ఆయన అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. "నేను ఇంట్లో మనిషిని కాదా ఏమి? బెండకాయలు ఎక్కుతాయి, నేను ఎక్కనా?" అంది. ఎక్కించింది. ప్రతి డయాలసిస్‌నీ తనే, తన నోటితో.

ఎందుకు అన్న గడి కూడా వదల్లేదు. రేపు కాఫీ కలపల్ల కదా. మామిడికాయలు వస్తా ఉండాయి, ఊరగాయ ఎవురు పెడతారు. ఎదురింటి పిల్ల పెళ్ళి చీరకు కుచ్చులు సగంలో నిలిచినాయి. పాప పరీక్షలు. ఈయన బీపీ మాత్ర నేను చేతిలో పెడితేనే మింగుతాడు. గౌరి హబ్బ పండక్కి పాపకు గాజులు కొనల్ల. ఆఫీసులో కూర్చుని ఇవి చదువుతూ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చిన రోజులు ఉన్నాయి. ఆమె మాత్రం ఆదివారం భోజనాల దగ్గర వీటిని కూడా బెండకాయలతో కలిపి అదే గొంతుతో చదివేది. మేము నవ్వాలి కాబట్టి నవ్వేవాళ్ళం. బావగారు కంచంలోకి చూసేవారు.

ఆమెను నేను ధైర్యానికి దేవతగా నిలబెట్టడం లేదు. ఆమెకు కూడా చేతకాని రోజులు వచ్చాయి. ఒక బుధవారం నేను ఆఫీసులో ఉండగా పువ్వు వచ్చింది. డయాలసిస్ అని ఎక్కింది, ఖర్చు ఎక్కింది. తర్వాత గీత "ఎందుకు" గడి చుట్టూ చాలాసేపు కదలకుండా ఉంది. చివరికి, ఎందుకో తెలీదు అని పడింది. నేను లాప్‌టాప్ మూసి, మా మేనేజరుకు చెప్పీ చెప్పకుండా ఆటో ఎక్కాను. ఇంటికి వెళ్ళేసరికి ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చున్నాను. నన్ను ఎందుకు వచ్చావని అడగలేదు. చేతి మీద సూదుల మచ్చలు చూసుకుంటూ, "ఈ పొద్దు నాకు కారణం దొరకలేదప్పా" అంది.

అలాంటప్పుడు చెప్పే మాటలన్నీ ఆసుపత్రి గోడల మీద బొమ్మల కింద రాసే మాటల్లా ఉంటాయి. ఆమె ఫోన్ తీసుకుని, ఆ గడిలో ఉన్నది చెరిపి, నాకు మా అక్క కావాలి అని రాసి ఆమె కళ్ళ ముందు పెట్టాను. కళ్ళజోడు లేకుండా, ఫోన్ దూరంగా పట్టుకుని చదివింది.

"ఇది కారణం కాదు, మొండితనం" అంది. కానీ చెరపలేదు. ఆ ఆదివారం దాన్ని చదవకుండా దాటేసి, నా వైపు మాత్రం చూసింది.

అంత కష్టంలోనూ నాకు మిగిలిన అదృష్టం ఒకటుంది. ఆమె మీద ఎంత ప్రేమో ఆమెకు తెలిసేలా చెప్పగలిగాను. మా ఇంట్లో ఆ మాటలు నోటితో చెప్పుకునే అలవాటు ఎవరికీ లేదు. ఆ గడి లేకపోతే నేనూ చెప్పి ఉండేదాన్ని కాదు.

చివరిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. కర్మలు అయ్యాక ఆసుపత్రి చివరి బిల్లు నేనే షీట్‌లో ఎక్కించాను. ఆమె ఎక్కించేది కనక, ఎక్కించకుండా వదిలేయడం తప్పనిపించింది. కానీ "ఎందుకు" దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. ఆ గడి అలాగే వదిలేశాను. ఆమె ఫోన్ ఇంకా కింద వంటింటి అలమరలోనే ఉంది. బావగారు రోజూ దానికి ఛార్జింగ్ పెడుతున్నారు. మేమెవరం ఎందుకని అడగలేదు.

కొత్త నెల మొదటి ఆదివారం వచ్చింది. పీటలు వేశాను. నలుగురం కూర్చున్నాం. అన్నం వడ్డించాక బావగారు కలపకుండా చెయ్యి కంచం పక్కన పెట్టి నాతో మాట్లాడారు. నాతో ఆయన సూటిగా మాట్లాడేది తక్కువ, ఏదున్నా అక్క ద్వారానే.

"నువ్వు మొదట్లో ఏదో కాలమ్ పెట్టింటివంట కదమ్మా, ఎవురు పెట్టినారని. దాన్ని మళ్ళా పెట్టు. బ్యాంకు కాగితాలు తీద్దాము. ఆసుపత్రికి తమ్ముడు ఎంత పెట్టినాడో తేలల్ల. లేత్ అమ్మయినా ఇచ్చేస్తా."

మా ఆయన ఏదో అనబోతే చేత్తో ఆపారు. తర్వాత ఇంకో మాట అన్నారు. ఇకనుంచి మేము పైన వండుకోవచ్చని, తనకు పీణ్యలో మెస్ ఉందని, కింది పొయ్యి తన ఒక్కడి కోసం వెలిగించక్కర్లేదని. కోపంతో అన్న మాట కాదు. మాకు బరువు కాకూడదనే అన్నారు. అందుకే ఇంకా భయం వేసింది. కోపంతో అన్న మాటనైతే మర్నాడు మర్చిపోవచ్చు. నా కళ్ళ ముందు ఆయన ఆ మెస్‌లో స్టీలు ప్లేటు ముందు ఒక్కరే కూర్చున్నట్టు కనబడింది. ఆ మోటారు పూట ఆయన తినకుండా పడుకున్నది గుర్తొచ్చింది. అప్పుడు తలుపు దగ్గర నిలబడి పిలవడానికి అక్క ఉంది.

కాలమ్ పెట్టడం నాకు క్షణం పని. ఆ మాటే ఆయనతో అన్నాను. "మీరు పెట్టమంటే పెడతాను బావగారూ. కానీ అది అక్క తీయించింది. ఈ నెలది ముందు చదువుదాం. ఆ తర్వాత మీ ఇష్టం."

నేను ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. అంకెలు లేకుండా, ఆమె చదివినట్టే. నెల మొదట్లో వరసలు ఆమె మాటలే కదా, ఆ "ఉండాది"లూ "కావల్ల"లూ బెజవాడ గొంతులో పలుకుతుంటే పాపకు ఒకచోట నవ్వు ఆగలేదు. మా ఆయన కూడా నవ్వాడు. కాఫీ పొడి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట బావగారే మెల్లగా పూర్తి చేశారు. కొంచెం కిందికి వచ్చాక ఆమె మాటలు అయిపోయి నావి మొదలయ్యాయి. పాలు, పాప బస్సు, కర్మలకు అరటాకులు. నావన్నీ పొడిపొడిగా ఉన్నాయి. చివరికి ఆసుపత్రి అని చదివి ఆగిపోయాను.

ఏమైందన్నట్టు బావగారు తల ఎత్తారు.

"అక్కడ ఏమీ రాయలేదు బావగారూ. నాకు చేతకాలేదు" అన్నాను.

బావగారు నాలుగు ముద్దలు తిని లేచి చెయ్యి కడుక్కున్నారు. కాలమ్ మాట మళ్ళీ ఎత్తలేదు, వద్దని కూడా చెప్పలేదు. మర్నాడు పొద్దున నేను కిందికి వచ్చేసరికే షెడ్డుకు వెళ్ళిపోయారు. కాఫీ తాగలేదు. ఆ రాత్రీ తినే వచ్చానన్నారు. ఆ మర్నాడూ అంతే. మా ఆయన ముభావంగా తిరిగాడు. నేను పై వాటాలో చిన్న పొయ్యి మీద అన్నం వండి, కింది వంటింటి గడప దాకా వచ్చి, లోపలికి వెళ్ళలేక తిరిగి పైకి వెళ్ళాను. ఇల్లు రెండయ్యేది గోడ కట్టడంతో కాదని, ఇలా ఒక పూట, ఇంకో పూట గడవడంతోనేనని అప్పుడు తెలిసింది.

గురువారం ఆఫీసులో ఉన్నాను. అలవాటు చావక షీట్ తెరిచే ఉంచుకుంటున్నాను. పదకొండు దాటింది. పైన మూలన గుండ్రంలో సంపెంగ పువ్వు వచ్చింది.

మనసు ఎంత పిచ్చిదంటే, కూరగాయల బండి వెళ్ళిపోయినట్టుంది అని కూడా అనుకుంది. తర్వాత తెలివి వచ్చింది. ఆమె ఫోన్ కింద అలమరలో ఉంది, దానికి ఛార్జింగ్ పెట్టే మనిషి ఆ పూట షెడ్డుకు వెళ్ళలేదు.

గీత షీట్‌లో దారి తప్పినట్టు తిరిగింది. పైకి వెళ్ళింది, ఎప్పటివో పాత నెలల్లోకి వెళ్ళింది, కిందికి వచ్చింది. ఆయన ఎప్పుడూ ఇది తెరిచిన మనిషి కాదు. చివరికి అన్నిటికంటే కింది వరస దొరికింది. కాఫీ పొడి అని పడింది. ఖర్చు పడింది. చాలా ఆలస్యంగా, ఎందుకు అన్న చోట, రేపు పొద్దున అందరికీ కావల్ల అని పడింది.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఇక వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. గీత ఒక్కో వరసా పైకి పాకి, ఆసుపత్రి చివరి బిల్లు దగ్గర, నేను వదిలేసిన ఖాళీ గడి చుట్టూ వచ్చి ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలియదు. ఆమె కూడా ఒక బుధవారం ఇలాగే ఆగింది. తర్వాత, మైకు నొక్కి నోటితో చెప్పినట్టు, మాటలన్నీ ఒక్కసారిగా వచ్చాయి.

ఇంకొక దినం ఉంటాదని.

పక్క సీటు అమ్మాయి నన్ను ఏదో అడుగుతోంది. నేను తెర మీంచి కళ్ళు తీయలేదు. గీత ఆ గడి చుట్టూనే ఉంది. పైన సంపెంగ పువ్వు ఇంకా అలాగే ఉంది.